నలభై సుడులల్ల ఒక్కటి

పుప్పాలగూడ, సోమవారం

ఆఫీసు పెద్దసారుకు,

నా పేరు భాగ్యమ్మ. వయసు అరవై ఏడు. ఇంట్ల మా ఆయన రాజయ్య, కొడుకు నరేందర్, కోడలు జ్యోతి, నేను. నాకు చదువు రాదు, చెప్తుంటే జ్యోతి రాస్తున్నది. హైటెక్ సిటీల మీ ఆఫీసు ఊడ్చేది నేనే. శుక్రవారం సెక్యూరిటీ వెంకట్ నా గేటు కార్డు గుంజుకున్నడు. ఏందంటే, గోడకున్న పెద్ద టీవీ మీద బొట్టుబిళ్ల అంటించిననట. అవును, అంటించిన. అందులున్న బొమ్మల నలభై సుడులున్నయి, ఒకటి ఉల్టా ఉన్నది. అందుకే పెట్టిన. నా కార్డు నాకియ్యిండ్రి.

ఇట్లు,
భాగ్యమ్మ

తా.క.: జ్యోతి పైన “గౌరవనీయులైన” అని రాసింది. కార్డు రానీ, అప్పుడు చూద్దామని కొట్టేయించిన.

*

హైటెక్ సిటీ, మంగళవారం

భాగ్యమ్మ గారికి నమస్కారాలు.

మీ భక్తిని మేం గౌరవిస్తామండి. కానీ అవి దేవుడి చక్రాలు కావు. పలచని లోహపు పొరలో ఏర్పడే అయస్కాంత సుడులు, స్కిర్మియాన్లు అంటారు. వెంట్రుక మందంలో వెయ్యోవంతు ఉంటాయి. అసలది ఫోటో కూడా కాదు. మైక్రోస్కోపులో చూస్తే ఎలా కనిపిస్తాయో కంప్యూటర్ లెక్కగట్టి గీసిన బొమ్మ. అందులో తప్పుండదు. ఆఫీసులో పూజలు చేయనని రాసిస్తే కార్డు ఇస్తాం.

భవదీయుడు,
ఉదయ్ భాస్కర్, మేనేజర్

తా.క.: కొబ్బరికాయ కొట్టనందుకు ధన్యవాదాలు. కార్పెట్ కొత్తది.

*

పుప్పాలగూడ, బుధవారం

ఉదయ్ భాస్కర్ సారుకు,

పూజ ఎవరు చేసిన్రు సారూ? మీ టీవీకి మొక్కేంత కష్టం నాకింకా రాలె. బాలానగర్ల మోటార్ల కార్ఖానల ముప్పై ఏండ్లు కాయిల్లు చుట్టిన. ఒక్క కాయిల్ ఉల్టా చుట్టినా మోటారు గుర్రుమని కాలిపోతది. అసొంటిదాని మీద సుద్దతోని గుర్తు పెడ్తం. మీ అంత పెద్ద ఆఫీసుల సుద్దముక్క లేకపాయె, నుదుటి బొట్టు తీసి పెట్టిన.

బొమ్మల సుడుల మీదున్న బాణం గుర్తులు చూడుండ్రి. ముప్పై తొమ్మిది కుడికి తిరుగుతున్నయి, బొట్టు కింద ఉన్నది ఎడమకు.

కంటితోని చూడకుండ బొమ్మ గీసిన్రు, నోటితోని అడగకుండ నన్ను ఎల్లగొట్టిన్రు. రెండూ ఒక్క కంప్యూటరే చేసిందా?

ఇట్లు,
భాగ్యమ్మ

తా.క.: పూజ చెయ్యనని రాసిస్త. బొమ్మ తప్పని మీరు రాసియ్యిండ్రి.

*

హైటెక్ సిటీ, గురువారం

భాగ్యమ్మ గారికి,

క్షమించాలండి. బొమ్మ తప్పే. ఆ పొరలో సుడులన్నీ కుడికే తిరగాలి. లెక్కలో ఒక గుర్తు తారుమారైందని మా ఇంజినీరు వాసంతి కనిపెట్టింది. ముగ్గురు ఇంజినీర్లం నెల రోజులుగా ఆ బొమ్మ ముందే టీ తాగుతున్నాం! ఇప్పుడు నలభైకి నలభై ఒకే వైపు తిరుగుతున్నాయి. కొత్త బొమ్మ, మీ కార్డు కవర్లో పెట్టాం. శనివారం బొమ్మను క్లయింటుకు పంపుతున్నాం.

మీ
ఉదయ్ భాస్కర్

తా.క.: టీవీ మీద బొట్టు జిగురు పోవట్లేదు. దేనితో తుడవాలండి?

*

పుప్పాలగూడ, శుక్రవారం

ఉదయ్ భాస్కర్ సారుకు,

కార్డు ముట్టింది. జిగురుకు జర కొబ్బరినూనె రాయిండ్రి.

కొత్త బొమ్మను కిటికీ కాడ వెలుతురుల పెట్టి చూసిన. సారూ, నలభైకి నలభై ఎడమకు తిరుగుతున్నయి! నేను సరిచెయ్యమన్నది ఆ ఒక్కదాన్ని. మీరు దాన్ని అట్లనే ఉంచి, మంచిగున్న ముప్పై తొమ్మిదిని దాని దిక్కు తిప్పిన్రు.

ఇది ఎవ్వరికీ పంపకుండ్రి. రేపు ఎనిమిదింటికి వస్త. నేనొచ్చేదాక ఆ కంప్యూటర్‌ను ఎవ్వరూ ముట్టొద్దు.

భాగ్యమ్మ ఎడమ బొటనవేలి ముద్ర

సాక్షులు:
రాజయ్య, భర్త.
మల్లమ్మ, పక్కింటామె. బొమ్మను తలకిందులు చేసి గూడ చూసింది. అయినా ఎడమకే.