వరండా బండలకు కోటింగ్

శనివారం, వాన.

మరకలు, తేమ పట్టకుండా వరండా బండలకు నిన్న కోటింగ్ వేయించాను. మధ్యాహ్నం వాన దంచికొడుతుంటే, అడవి నుంచి నేరేడు పండ్లు తెచ్చి అమ్మే ముత్తమ్మ గేటు తీసుకుని వచ్చింది.

"అక్కా, వాన తగ్గేదాక గీడ కూసుంటా."

నా చూపు ఆమె గంప మీదే ఉంది. "వద్దు ముత్తమ్మా, కోటింగ్ ఇంకా ఆరలే."

"గట్లనా అక్కా," అంటూ గంప మీద కొంగు కప్పి, గోడ పక్కన వానలోనే నిలబడింది. నేను తలుపు వేసుకున్నాను.

వాన వెలిశాక చూస్తే లేదు. నా షుగర్‌కు మంచిదని ఎప్పుడూ వరండాలో పెట్టిపోయే దోసెడు పండ్లను, ఈసారి మోదుగాకులో చుట్టి గేటు కమ్మీల మధ్య పెట్టింది. బండలకు మరక పడకూడదని.

బండలు మాత్రం తళతళా మెరుస్తున్నాయి, ఛీ.

కోటింగ్ పొద్దున్నే ఆరింది. చేత్తో తడిమి చూసింది నేనే.