చెల్లెలి డాక్టరు చదువు, నా మౌనం

సోమవారం

అన్ని ఉదయాల్లాగే మొదలైంది ఈ ఉదయం కూడా. ప్రార్థన ముగించుకుని వంటింట్లోకి వచ్చేసరికి పాలు పొంగడానికి సిద్ధంగా ఉన్నాయి. చెల్లెలి మొగుడు, మా మరిది, ఒక కాలికి సాక్సు తొడుక్కుని, రెండోదాని కోసం బల్ల కింద దూరాడు. చెల్లెలు బ్రెడ్డు ముక్క చేత్తో పట్టుకుని, తినకుండా, ఫోనులో ఆఫీసు మెయిళ్ళు చూస్తోంది. ఆరోగ్య బీమా కంపెనీలో దాని ఉద్యోగం. రోగుల బిల్లులు పరిశీలించి, చాలావాటి మీద "చెల్లించలేము" అని రాయాలి. ఏళ్ళ తరబడి అదే రాస్తోంది.

ఫోను బోర్లా పెట్టి, "నేను మెడిసిన్ చదువుతాను," అంది.

మరిది తల బల్లకు కొట్టుకుంది. డాక్టరుగారికి మొదటి రోగి దొరికాడు. ఆవిడ చూడలేదు.

"ముప్ఫై ఏడేళ్ళొచ్చాకా?" అన్నాడు నుదురు రుద్దుకుంటూ.

"ఈసారి ప్రవేశ పరీక్ష రాస్తాను. అక్కా, నువ్వు మాత్రం మంచీ అనకు, చెడూ అనకు. నీ ఒక్క మాటకి నేను కూలబడిపోతాను."

"అనను," అన్నాను.

పరీక్ష అయ్యేదాకా దాని చదువు గురించి పెదవి విప్పకూడదని నిశ్చయించుకున్నాను. కష్టమేమీ కాదు. అసలే తక్కువ మాట్లాడేదాన్ని.

మంగళవారం

దివ్యంగా సాగుతోంది. చెల్లెలు రంగు పెన్నులు కొంది, టైంటేబుల్ వేసింది. చాలా అందంగా ఉంది. పుస్తకాలు ఇంకా కొనలేదు. నేనేమీ అనలేదు.

గురువారం

పుస్తకాలొచ్చాయి. టైంటేబుల్ మారింది. పాతదానిలో ఆకుపచ్చ ఎక్కువైందట. డాక్టరు కావడానికి ఎక్కవలసిన మెట్లన్నీ ఒక పటంగా గీసి గోడకు అంటించింది. పరీక్ష, సీటు, చదువు, ఆసుపత్రిలో శిక్షణ, ఆపైన గుండె వైద్యం. పదిహేనేళ్ళ తర్వాత ఏ గదిలో కూర్చోవాలో తేలిపోయింది. రేపు ఏ పాఠం చదవాలో ఒక్కటే తేలలేదు.

నేను కుట్టుమిషన్ ముందు కూర్చుని నా పని చూసుకున్నాను.

శనివారం

"అక్కకి ఇష్టం లేదు," అని చెల్లెలు మరిదితో అనడం వినబడింది.

"ఆవిడ ఏమీ అనలేదుగా?"

"ఆ మిషన్ తొక్కుడు వినలేదూ? నా పుస్తకాలు వచ్చిన దగ్గర్నుంచీ కసిగా తొక్కుతోంది."

కుట్టేవి స్కూలు యూనిఫారాలు. మందపు గుడ్డ. గట్టిగా తొక్కితే గాని సూది దిగదు. ఆ మాట చెబుదామంటే చదువు సంగతి ఎత్తాలి. ఊరుకున్నాను.

సోమవారం

మనుషులతో మాట్లాడనన్నాను గాని, దేవుడితో కాదు. ఈ సంగతి ఇన్నాళ్ళూ తట్టలేదు.

పొద్దున ప్రార్థన కాస్త పైకే చేశాను. "దేవా, దానికి ఫిజిక్స్ అంటే భయం. అందుకే వచ్చిన జీవశాస్త్రాన్నే రోజూ చదువుతోంది. నీకు తెలుసు. దానికే తెలియదు."

గోడ పలచన. అది కట్టిన మేస్త్రీ లోపం.

బుధవారం

ప్రార్థన రోజురోజుకూ పొడుగవుతోంది. భక్తి పెరిగిందనే అనుకుంటున్నాను.

"వదినగారూ," అన్నాడు మరిది టీ కప్పు పట్టుకుని, "రేపు నా మాట కూడా ఒకటి వెయ్యండి. అన్నం తినే బల్ల మీద కోసిన కప్ప బొమ్మలు తియ్యమనండి. ముద్ద దిగడం లేదు."

"అది చదువు విషయం. నేను మాట్లాడను."

రేపటి ప్రార్థనలో కప్పల్ని చేర్చాలి.

శుక్రవారం

పొద్దున, "దేవా, దాని చేత అనవసరపు శ్రమ మానిపించు, సరైన దారి చూపించు," అని వేడుకున్నాను.

సాయంత్రానికి గోడ మీద పటం లేదు. పుస్తకాలు అట్టపెట్టెలోకి వెళ్ళాయి.

"దరఖాస్తుకి రేపే ఆఖరు," అన్నాడు మరిది మెల్లగా.

"పెట్టడం లేదు. అక్క దేవుడికి కూడా చెప్పేసింది," అంది చెల్లెలు.

అన్నం తినకుండా పడుకుంది. నేను నోరు తెరిచి, మళ్ళీ మూశాను. మాటంటే మాటే కదా. నా నిష్ఠకు నాకే అసహ్యం వేసింది.

శనివారం

నిశ్చయం చెడింది.

చెల్లెలు ఆఫీసు సంచీ తగిలించుకుని బయల్దేరుతుంటే గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"తప్పుకో అక్కా, టైమైంది."

"ఎవరి బిల్లు కొట్టెయ్యడానికి?"

బిత్తరపోయి చూసింది.

"పోయిన నెల ఎవరో పసిపిల్ల బిల్లు వెనక్కి పంపి, ఇంటికొచ్చి కంచం ముందు నుంచి లేచిపోయావు. తిన్న అన్నం ఒంటబట్టని ఉద్యోగం ఎందుకే నీకు? దరఖాస్తు పెట్టు. ఫిజిక్స్ ముందు తియ్యి. సీటు రాకపోతే పైయేడు మళ్ళీ రాద్దువు గాని."

"మరి శ్రమ మానిపించమని వేడుకున్నావుగా?"

"శ్రమ అన్నది ఆ రంగు పెన్నుల్ని, మొద్దూ."

"ఆ ముక్క నాతోనే చెప్పి చావొచ్చుగా."

"అనొద్దన్నదెవరు?"

మరిది వెనకాల తాళాలు ఆడిస్తూ, "నా దగ్గర డ్రైవింగ్ నేర్చుకునేవాళ్ళు రోడ్డు మీద ఎదురు చూస్తున్నారు. గుమ్మం వదిలితే వెళ్ళొస్తాను," అన్నాడు.

చెల్లెలు సంచీ కుర్చీలో పడేసి ఏడ్చింది. తర్వాత మిగిలిపోయిన రాత్రి అన్నం మొత్తం తింది.

సాయంత్రం ముగ్గురం కూర్చుని తేల్చుకున్నాం. దరఖాస్తు అప్పటికప్పుడే పంపాం. సీటు వచ్చేదాకా ఉద్యోగం మానదు. కప్పలు భోజనానికి ముందే బల్ల దిగాలి. చెల్లెలు రోజూ దీపాలు పెట్టే వేళకు ఆ రోజు పాఠం నాకు అప్పజెప్పాలి. నేను ప్రశ్నలు అడగవచ్చు, సలహాలు చెప్పకూడదు.

ఒప్పుకున్నాను. రేపటి నుంచి మళ్ళీ మౌనం, ప్రశ్నలు మినహాయించి. ఏం అడగాలన్నది నా ఇష్టానికే వదిలేశారు. పాపం, అమాయకులు.