అందరినీ అడగని కాగితం

చిరంజీవి బుజ్జమ్మకు నాన్న దీవించి రాస్తున్నది. ఇక్కడ మేం బాగానే ఉన్నాం. మీ అమ్మ మోకాళ్ళు, నా కళ్ళజోడు ఎప్పటిలాగే సతాయిస్తున్నాయి. నువ్వు వేళకి తింటున్నావనే అనుకుంటున్నాం.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. వానలో తడిసి వెళ్తే, "ఒంటరి ఆడవాళ్ళకి గదులివ్వం" అని ఆ లాడ్జీవాడు నిన్ను గుమ్మంలోంచే పంపేశాడన్న చోట మీ అమ్మ నా చేతిలోంచి ఉత్తరం లాక్కుంది. "వాడి నోరు పడిపోను! నేనైతే వాడి బల్ల మీదే పక్క పరుచుకునేదాన్ని" అంది. పరిచేదే. ముప్పై ఏళ్ళుగా చూస్తున్నానుగా.

"వాడి లాడ్జీ వాడి ఇష్టమేనా నాన్నా? నాకు హక్కంటూ లేదా? ఫిర్యాదు చెయ్యనా, ఊరుకోనా?" అని అడిగావు. వారం నుంచి జవాబు రాయడం, నలిపి పారేయడం. నాకు చట్టాలు తెలీవు తల్లీ, తాళాలు తెలుసు. తాగొచ్చి గొడవ చేసేవాణ్ణి పొమ్మనే హక్కు ఏ కొట్టువాడికైనా ఉండాలి. ఏ తప్పూ చెయ్యకుండానే, మనిషిని చూసి పొమ్మంటేనో? అక్కడే నా కలం ఆగిపోతోంది. ఎందుకు ఆగుతోందో మీ అమ్మకి కూడా చెప్పలేదు.

వెనక వీధిలో "కన్నం" అని పిలుస్తారే, దొంగతనం కేసులో మూడేళ్ళు జైల్లో ఉండొచ్చి కలప అడితీలో మోతపని చేస్తున్నాడు, వాడు. పోయిన నెల ఒక మధ్యాహ్నం రొప్పుతూ కొట్టుకొచ్చాడు.

"అన్నా, తలుపు దానంతటదే తాళం పడిపోయింది, తాళంచెవి లోపలే ఉండిపోయింది. అమ్మ లోపలుంది. ఎంత పిలిచినా పలకట్లేదు. తొందరగా రా అన్నా."

"ఇంటి కాగితం చూపించు. అది లేందే తియ్యను."

"అది ఇంట్లోనే ఉందన్నా!"

"అయితే నేనేం చెయ్యను? నా కొట్టుకో రూలుంది."

ఉన్నమాట నిజమే, గోడమీద రాసి కూడా ఉంది. కానీ ఎవరినీ కాగితం అడగను. ముందురోజే పంతులమ్మగారు పిలవగానే వెళ్ళి తలుపు తీసొచ్చాను. వీణ్ణి చూశాకే ఆ రూలు గుర్తొచ్చింది. వాడి పక్కన వీధిలో నడవడం నామోషీ అనిపించింది, అంతే.

వాడే తలుపు పగలగొట్టుకోవచ్చుగా అంటావు. జైలుకెళ్ళొచ్చినవాడు పట్టపగలు తలుపు పగలగొడితే, అది సొంతిల్లే అయినా ఎవరూరుకుంటారు? అందుకేగా నా దగ్గరికొచ్చాడు. నేను కాదన్నాక స్టేషనుకి పరిగెత్తాడు. అక్కడ రెండు గంటలు కూర్చోబెట్టారు. చివరికి పోలీసాయన వచ్చి నన్నే పిలిచాడు. నాకు రెండు నిమిషాల పని. ముసలావిడ తలుపు వైపు చెయ్యి చాచి, గడప దగ్గరే పడి ఉంది. ఊపిరి లేదు. ఒళ్ళింకా వెచ్చగానే ఉంది.

గురివింద తన కింద నలుపెరగదంటారు. నేను ఎరిగీ దాచాను. కొన్నాళ్ళకి నిజం చెప్పేద్దామనే వాడింటికెళ్ళాను. నన్ను చూసి లేచి కుర్చీ వేశాడు. "నీ తప్పేం లేదన్నా. రూలంటే రూలే. కాగితం దగ్గర పెట్టుకోకపోవడం నా బుద్ధితక్కువ" అన్నాడు. నిజం నోటిదాకా వచ్చింది. తలూపి వచ్చేశాను. ఛీ, ఏం బతుకమ్మా నాది!

నువ్వు ఫిర్యాదు చెయ్యి, వెనకాడకు. నాలాంటివాళ్ళకి ఎవరో ఒకరు ఎదురు నిలబడాలి. ఆ లాడ్జీవాడు ఎందుకు పొమ్మంటున్నాడో నీ మొహం మీదే చెప్పాడు. నేను అదీ చెప్పలేదు. మన వెనక వీధివాడు ఇప్పుడు ఆ ఇంటి కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి, చొక్కా జేబులో పెట్టుకునే దుంగలు మోస్తున్నాడు.

ఇట్లు,
నీ నాన్న