ఉపేందర్ గోడ కూలలేదు

గోదావరిఖని,
సోమవారం.

చిరంజీవి ఉపేందర్‌కు, బడి విడిచినా ఎర్ర సిరా విడువని అవ్వ దీవించి రాయునది.

నీ ఫోను ఆ తాగుడు మాన్పిచ్చే కేంద్రం సార్లు బీరువాల పెట్టి తాళమేసినరని తెలిసి సంతోషించిన. ఇన్నాళ్ళకు నీ చేతిరాత చూస్త. ఇక్కడ అందరం క్షేమం. అందరమంటే నేనొక్కదాన్నే.

నీ ఇల్లాలు శోభ ఇంకా మందమర్రిల తల్లిగారింట్లనే ఉన్నది. "అవ్వా, తాగుడు మానిన అని నీ మనుమడు చానసార్లు చెప్పిండు. ఈసారి వినుడు కాదు, కండ్లతోని చూడాలె. అప్పుడే పిల్లను తీస్కొని వస్త" అన్నది. ఆ మాటకు నూటికి నూరు మార్కులు ఏసిన. బడిల ఉన్నన్నాళ్ళు ఎవ్వరికీ అన్ని ఎయ్యలేదు.

కాబట్టి మేస్త్రి పని బుద్ధిగ నేర్చుకో.

నీ క్షేమం, దానికంటే నీ నిలకడ కోరే,
సారలమ్మ అవ్వ.

తా.క.: బొగ్గు లారీ స్టీరింగు తిప్పినట్టు తాపీ తిప్పకు.

*

బసంత్‌నగర్,
శనివారం.

అవ్వకు దండాలు.

మంచిగున్న. చేతుల వణుకు తగ్గింది. ఈడ సగం మంది నా లెక్క తాగి పాడైనోళ్ళు, సగం మంది మనసు బాగలేక దవాఖానల ఉండి వచ్చినోళ్ళు. నా పక్కన గోడ కట్టేటోడు కొమురెల్లి. పొద్దుగాల గోలీ ఏస్కుంటడు, ఇగ గీత గీసినట్టు కడ్తడు. నేర్పేటాయన లింగమూర్తి మేస్త్రి. మాటలు తక్కువ, చూపు ఎక్కువ.

పొద్దంత సిమెంటు లేకుంట మట్టితోని ఎవరి ఇటుక గోడ వాళ్ళం కడ్తం. పొద్దుగూకంగ ఆయన వచ్చి చూస్తడు. నిన్న అందరి గోడలు కూలగొట్టిచ్చిండు. నాదొక్కటే నిలబెట్టిండు. శోభకు ఇప్పుడే ఏం చెప్పకు.

నీ మనుమడు,
ఉపేందర్.

తా.క.: ఎందుకని అడగకు.

*

గోదావరిఖని,
మంగళవారం.

మా వంశంల మొదటి మేస్త్రికి అవ్వ ఆశీస్సులు.

చెప్పకు అన్నవు. చెప్పిన. అందరివి కూలి నీదొక్కటే నిలబడితే దాచిపెట్టనీకి అదేమన్న పరీక్ష పేపరా? గల్లీ అంత లడ్డూలు పంచిన. లింగమూర్తి మేస్త్రి నీ గోడ నిలబెట్టిండని శోభకు ఫోను చేసిన. "నిలబడ్డదా? ఆయనదొక్కటేనా?" అని రెండుసార్లు అడిగింది. వచ్చే ఆదివారం చూడ వస్తదట.

పాపం కొమురెల్లికి ధైర్యం చెప్పు. నీ చెయ్యి అందరికీ రావాలంటే ఎట్ల?

గర్వాన్ని అణచుకుంటున్న,
అవ్వ.

తా.క.: పక్కింటి రాజకుమారి తన పిట్టగోడ నీతోనే కట్టిస్తదట. మూడో లడ్డూ తినుకుంట చెప్పింది.

*

బసంత్‌నగర్,
గురువారం.

అవ్వా, దండం పెడ్త, ముంచినవ్.

మట్టి గోడ నేర్చుకునుటానికే. తెల్లారి మళ్ళ అవే ఇటుకలు కావాలె. అందుకే మంచిగ కట్టినోని గోడ వానితోనే కూలగొట్టిస్తడు మేస్త్రి, మేమంత చప్పట్లు కొడ్తం. వంకరగ కట్టినోని గోడ నిలబెడ్తడు. "పొద్దున లేచి దీని మొఖం చూడు, ఏడ తప్పిందో నువ్వే చెప్పు" అంటడు. వంకర పోయేదాక దాన్ని కూలగొట్టనియ్యడు. నా గోడ నడుమల పూరి లెక్క ఉబ్బింది. కొమురెల్లిది అందరికన్న ముందు కూల్తది.

శోభను ఆపు.

సిగ్గుతో,
ఉపేందర్.

తా.క.: పిట్టగోడ సంగతి రాజకుమారి అత్తకు నువ్వే చెప్పుకో.

*

గోదావరిఖని,
శుక్రవారం.

ఉపేందర్‌కు అవ్వ రహస్యంగ రాసి, బస్సు కండక్టరు చేతికిచ్చి పంపునది.

శోభను ఆపలేను. ఇన్నాళ్ళకు తనంతట తాను వస్తనన్నది. ఇప్పుడు ఆపితే మళ్ళ అనదు.

పిల్లలకు నిజమే చెప్పమని నేర్పి పెన్షన్ తీసుకుంటున్న నేను చెప్తున్న, విను. ఆదివారం బస్సు దిగేలోపల ఆ గోడ కూలాలె. గోడకు భుజం ఆనినట్టు ఆని ఒక్క తోపు తొయ్యి. నీకు మనసొప్పకపోతే కొమురెల్లిని కాలు జారి దాని మీద పడమను.

ఏమీ ఎరుగని,
అవ్వ.

తా.క.: చదివి చింపెయ్. ఆ ఊళ్ళె నా పాత విద్యార్థులున్నరు.

*

బసంత్‌నగర్,
ఆదివారం.

అవ్వకు దండాలు.

శోభ వచ్చింది. నువ్వన్నట్టు భుజం ఆనిచ్చిన. తొయ్యబుద్ధి కాలె. "మేస్త్రి పాస్ చెయ్యలె. ఉబ్బిన కాడికి ఇటుకలు ఇప్పి మళ్ళ కడ్తున్న" అని ఉన్నదున్నట్టు చెప్పిన. గోడ చుట్టు తిరిగింది. ఒక ఇటుక అందిచ్చింది. చేతుల మట్టి దులుపుకొని బస్సెక్కి పోయింది.

ఇగ రాదేమో అవ్వా. నేను తాగుతనని ఫికర్ చెయ్యకు. రేపు ఇంకో రెండు వరసలు ఇప్పేది ఉన్నది.

నీ
ఉపేందర్.

తా.క.: కొమురెల్లి పడుతడట గని, మేస్త్రిని అడిగినంకనే పడుతడట.

*

గోదావరిఖని,
బుధవారం.

నా మనుమనికి, లడ్డూలు పంచి అభాసుపాలైన అవ్వ రాయునది.

నిన్న శోభ వచ్చింది, పిల్లతోని, రెండు సంచులతోని. బీరువాల నీ అంగీలు ఒక దిక్కు జరిపి తన చీరలు పెట్టుకున్నది. నేను గోడ గురించి నసుగుతుంటే నవ్వింది.

"నిలబడ్డదని నువ్వు ఫోన్ల చెప్పినప్పుడే ఎరుక అవ్వా. మా అమ్మ లింగమూర్తి మేస్త్రి దగ్గరనే ఇటుకలు మోసింది. ఆయన నిలబెట్టిండంటే వంకరున్నట్టే."

"మరెందుకు పోయినవే?"

"తప్పినప్పుడు ఏడుంటడో చూద్దామని. ఇదివరకు ఏదన్న తప్పితే మనిషి దొరికెటోడు కాదు. ఇప్పుడు దాని పక్కనే కూసొని ఇప్పుతుండు."

"నేను లడ్డూలు పంచుతుంటే ఒక్క మాట చెప్పవద్దా?"

"నువ్వు అడగలేదు గద అవ్వా."

తొందరేం లేదు బిడ్డా. గోడ కూలినంకనే రా.

ఇంటిల్లిపాదీ క్షేమమని ఈసారి నిజంగనే రాస్తున్న,
అవ్వ.

తా.క.: మన కాంపౌండు గోడ మీ తాత తన చేతులతోని కట్టిండు, ఇన్నేండ్లయినా చెక్కుచెదరలేదని ఊరంత చెప్పుకుంటి. పొద్దున శోభ ఒక కన్ను మూసి దాని పొడుగూత చూసింది. ఎందుకు కూలలేదో ఇప్పుడు తెలిసింది.