వారం రోజులు ఇంట్లో రెస్ట్

నవంబర్ 3

ఫిజియోథెరపీ ప్రాజెక్టు మొదలై తొమ్మిదో రోజు. చొప్పదండి బాలికల హాస్టల్ గ్రౌండ్‌లో ఏడయినా మంచు విడవడం లేదు. చేతులు కొంకర్లు పోయి టేపు చింపడం కూడా రావడం లేదు. కాలేజీలో తోటివాళ్ల కాళ్లకు ఎన్నిసార్లు కట్టానో... నిజంగా నొప్పి ఉన్న మడమకు కట్టాలంటే మాత్రం చెమటలు. కట్టించుకుంటున్న పిల్ల ఒకటే నవ్వు — "అక్కా, గిఫ్ట్ ప్యాకింగ్ జేస్తున్నవా?" మూడోసారికి కుదిరింది.

రోజూ పొద్దున ఒక్కొక్కరినీ నొప్పి ఎంత అని అడిగి, సున్నా నుంచి పది దాకా అంకె వేసుకోవాలి. ఇరవై మంది పిల్లలు, ఇరవై సున్నాలు. నొప్పి అంటే టీంలోంచి తీసేస్తారని భయం. ఇక అడగడం మానేసి వాళ్ల నడక చూస్తున్నాను.

నవంబర్ 5

లావణ్య. పదో తరగతి. ఎనిమిది వందల మీటర్లలో ఈ హాస్టల్‌లో ఆమెను అందుకునేవాళ్లు లేరు. మాదీ సిరిసిల్లే, వాళ్లదీ సిరిసిల్లే. ఇద్దరివీ సాంచాల ఇళ్లే. ఆ మరమగ్గాల చప్పుడు లేక ఇక్కడ మొదట్లో నిద్ర పట్టలేదంటే, నాకూ అంతే అన్నాను.

పరుగు అయ్యాక ఎడమ కాలు ఆనించకుండా నిలబడుతోంది. మోకాలి కింద ముందు ఎముక మీద వేలితో నొక్కుతూ వచ్చాను. ఒక్కచోట — కాలు లాక్కుంది.

"నొప్పా?"

"లేదక్కా. చక్కిలిగిలి."

చక్కిలిగిలికి కళ్లలో నీళ్లు తిరుగుతాయా?

నెలాఖరున కరీంనగర్‌లో సెలక్షన్. ఎనిమిది వందల్లో మొదటి స్థానానికే స్పోర్ట్స్ హాస్టల్ సీటు. చదువు, తిండి, బూట్లు అన్నీ వాళ్లవే. రాకపోతే పది కాగానే ఇంటికి, సాంచాల దగ్గరికి.

నవంబర్ 6

పీఈటీ సార్‌కి చెప్పాను. నా ప్రాజెక్టు చూసేదీ, మార్కులు వేసేదీ ఆయనే. "ఏం జేద్దామో నువ్వే చెప్పమ్మా. నేర్చుకునేతందుకే గదా వచ్చినవ్."

ఎముక మీద ఒక్కచోటే నొప్పి అంటే సన్నటి పగులు కావచ్చు. పరుగు ఆపాలి, కాలికి విశ్రాంతి ఇవ్వాలి. ఇక్కడే ఉంటే ఆగదు, ఎవరూ చూడకుండా గ్రౌండ్‌కి వచ్చేస్తుంది. అందుకని చీటీ రాశాను: వారం రోజులు ఇంట్లో రెస్ట్. కింద నా సంతకం. అది పెట్టేటప్పుడు ఎంత గొప్పగా అనిపించిందో ఇక్కడైనా దాచడం ఎందుకు.

డాక్టర్‌కి చూపిద్దామా అన్నాడు సార్. వారం చూద్దాం అన్నాను. అదీ నేనే అన్నాను.

నవంబర్ 10

లావణ్య లేని గ్రౌండ్ బోసిగా ఉంది. మిగతావాళ్లకు ఐస్, కట్లు. నా పని నాకు నచ్చుతోంది.

నవంబర్ 14

వచ్చింది. బస్సు దిగి గేటు దాకా నడిచేసరికే తెలిసిపోయింది. కుంటుతోంది. వెళ్లేటప్పుడు కుంటలేదు.

"రెస్ట్ తీసుకోలేదా?"

"తీసుకున్ననక్కా. ఒక్కనాడు గూడ ఉరకలే."

"మరి ఇంటికాడ ఏం జేసినవే?" నా నోట ఇంటి మాట వచ్చేసింది.

"ఏం జేస్త... బడి యూనిఫాం బట్ట ఆర్డరు ఉన్నది. బాపుకు నడుము పట్టుకున్నది. పొద్దుందాక సాంచల కాడ నిలవడ్డ. గంతే."

అంతేనట.

నాలుగు సాంచాలు. పోగు తెగితే అటు, కండె అయిపోతే ఇటు, గచ్చు మీద ఉత్త కాళ్లతో పొద్దంతా. ఇంకో ఊరి అమ్మాయి ఆ చీటీ రాస్తే తెలియక రాసింది అనుకోవచ్చు. నేను సెలవులకు ఇంటికి పోతే మా అవ్వ చేతిలో సంచి దించనివ్వదు — "జర గా సాంచ చూడు బిడ్డా, ఇప్పుడే అస్త." అలాంటి ఇంటికి రెస్ట్ కోసం పంపాను. నా బుద్ధి గడ్డి తిన్నది.

నవంబర్ 15

కరీంనగర్‌లో ఎక్స్‌రే. ఏమీ కనబడలేదు. లావణ్య మొహం వెలిగిపోయింది. డాక్టరు మాత్రం అదే చోట నొక్కి, మొహం చూసి — "సన్న పగుళ్లు షురూల ఎక్స్‌రేల కనవడయ్. పదిహేను దినాలైనంక మళ్ల తీద్దాం. అప్పటిదాంక ఉరుకుడు బంద్."

సెలక్షన్ దానికి మూడు రోజుల ముందు.

తిరుగు బస్సులో నా పక్క సీటు వదిలి ముందుకు పోయి కూర్చుంది.

నవంబర్ 21

కూర్చుని చేసే వ్యాయామాలు చేయిస్తున్నాను. చేతులకు, నడుముకు. చెప్పినవన్నీ చేస్తుంది, నా వైపు మాత్రం చూడదు. తిట్టినా బాగుండు.

నవంబర్ 24

లావణ్య వాళ్ల బాపు వచ్చాడు. కోపంగా వస్తాడనుకున్నాను. నడుము పట్టుకుని బెంచీ చివర కూర్చున్నాడు.

"మీరే గదా మేడం, ఇంటికాడ రెస్ట్ అని రాసిచ్చిండ్రు. ఇంటికచ్చిన పిల్ల సాంచల కాడ నిలవడకుంటె ఏడ నిలవడ్తది? నిలవడొద్దని ఒక్క మాట రాస్తే, ఆర్డరు పోతే పోనీ అనుకుందును."

నన్ను మేడం అంటున్నాడు. మాదీ సాంచాల ఇల్లేనని చెప్పడానికి నోరు రాలేదు.

నవంబర్ 26

సెలక్షన్‌కి లావణ్య ఫిట్‌నెస్ ఫారం వచ్చింది. పరుగెత్తవచ్చు, పరుగెత్తరాదు — ఒకటి కొట్టేయాలి. నేను ఏది చెబితే అది, కింద సార్ సంతకం పెడతాడు.

పదకొండు రోజుల తర్వాత లావణ్య తానుగా మాట్లాడింది. "అక్కా, జర టేపు గట్టిగ కట్టు. రెండున్నర నిమిషాలు. తర్వాత నెల దినాలు పండుకుంట, నీ మీద ఒట్టు."

గట్టిగా కడితే పరుగెత్తుతుంది. నాకు తెలుసు. గెలుస్తుంది కూడా. ఎముక పూర్తిగా విరిగితే...?

పరుగెత్తవచ్చు అన్నదాన్ని కొట్టేశాను.

నవంబర్ 27

లావణ్య రానంది. మిగతా పిల్లలతో నేను వెళ్లాను. ఎనిమిది వందల్లో పెద్దపల్లి అమ్మాయి గెలిచింది. స్టాప్‌వాచ్ చూడకుండా ఉండాల్సింది. మొన్న దసరా తర్వాత మా లావణ్య పరుగెత్తినదాని కన్నా ఇది నాలుగు సెకన్లు ఎక్కువ. సార్ కూడా చూశాడు.

నవంబర్ 29

నా ప్రాజెక్టు రిపోర్టు చదువుతూ సార్ ఒకచోట పెన్ను ఆపాడు. "తప్పు నీదే అన్నట్టు రాసుకుంటవేందమ్మా? మార్కులు పోతయ్. రెస్ట్ చెప్పినం, పాటించలే — గట్ల రాయి. అబద్ధం గాదు గదా."

అబద్ధం కాదు. అదే నన్ను తినేస్తోంది. ఈ కాపీ లావణ్య ఫైల్లో ఉంటుంది. రేపు ఏ హాస్టల్‌వాళ్లు తెరిచినా, లావణ్య అంటే చెప్పిన మాట వినని పిల్ల. ఆమె విన్నది. రాయడం రానిది నాకు.

సార్ చెప్పింది రాయలేదు. నేను రాసింది ఇంకా ఇవ్వలేదు. సోమవారం దాకా గడువు.

నవంబర్ 30

ఆస్పత్రి బెంచీ మీద రాస్తున్నాను. ఎక్స్‌రే గదిలోకి వెళ్లేముందు లావణ్య అడిగింది. "అక్కా, ఏం లేదని వస్తే?"

"మంచిదే గదా" అన్నాను. ఆమె అలాగే చూసింది. అప్పుడు అర్థమైంది. ఏమీ లేకపోతే ఆ పరుగు, ఆ సీటు ఊరికే పోయినట్టు. పోగొట్టింది నేను.

తలుపు వేసే ఉంది. లోపల మిషన్ చప్పుడు. ఆ కాలు బాగు చేయడానికి వచ్చినదాన్ని... పగులు ఉండాలని మొక్కుకుంటున్నాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను, అయినా మొక్కుకుంటున్నాను.