మూత పెట్టిన ప్లేటు

3 నవంబర్ 2025, సోమవారం

పాత ఇనుము కొనే అతను ఆదివారం వస్తాడట. అబ్బా నూడుల్స్ బండి చక్రాలూ స్టాండూ పోయినేడే అతనికి పోయాయి. మిగిలింది తవా ఒక్కటే. దాన్నీ ఇచ్చేస్తానని అబ్బా తేల్చేశాడు. వరండాలో అడ్డమట. అడ్డమూ లేదు, పాడూ లేదు. రెండేళ్ళ కింద అమ్మీ పోయినప్పటి నుంచి ఆయన దాని వైపు చూడలేడు, అంతే. పద్దెనిమిదేళ్ళు ఆ తవా మీదే నన్నూ అన్న రియాజ్‌నీ సాకాడు. ఏడుపొచ్చింది. ఏడవలేదు, గిన్నెలు గట్టిగా తోమాను.

4 నవంబర్, లంచ్ టైం

ల్యాబ్‌లో శాంపిల్స్ అయిపోయి ఫోన్ చూస్తుంటే ఒక వీడియో. జపాన్‌లో ఏదో జాతర. ఒక ముసలాయన అచ్చం మా తవా లాంటి తవా మీద నూడుల్స్ తిప్పుతున్నాడు. రెండు చేతుల్లో రెండు అట్లకాడలు. నిలబడే తీరు కూడా అబ్బాదే. యాకీసోబా అంట. పదకొండుసార్లు చూశాను.

ఇది మా తవా మీద చేసి పెడితే అబ్బా దాన్ని అమ్మడు. ఎందుకలా అనిపించిందో నాకే తెలీదు.

5 నవంబర్

యాకీసోబాలో వేసే సాస్ నరసరావుపేటలో ఎక్కడా లేదు. ఒక షాపాయన నన్ను ఎగాదిగా చూసి సేమ్యా కావాలా అని అడిగాడు. ఇంటికొచ్చి నెట్‌లో చూస్తే అలాంటి సాసుల్లో చింతపండు వేస్తారట! ఇంట్లో డబ్బాడు చింతపండు పెట్టుకుని ఊరంతా తిరిగాను. పులుసు తీసి, బెల్లం, సోయా సాస్ కలిపి మరిగించాను. బాగా తెలిసిన వాసన. ఎక్కడిదో గుర్తు రాలేదు.

6 నవంబర్

ఫెయిల్. నూడుల్స్ మూకుట్లో పడగానే చెయ్యి దానంతటదే కారం డబ్బాలోకి పోయింది. పల్నాడు చెయ్యి కదా, ఏం చేస్తాం. రియాజ్ రెండు ముద్దలు తిని, దీనికి జపాన్ దాకా ఎందుకు, బస్టాండ్ దగ్గర దొరుకుతుంది కదా అన్నాడు. అబ్బా ముట్టుకోలేదు.

7 నవంబర్

కారం డబ్బా అటకెక్కించాను.

8 నవంబర్, శనివారం

తవా తుప్పు గీకి, నూనె పట్టించి, వరండాలో గ్యాస్ మీద పెట్టాను. అబ్బా కుర్చీ అటు తిప్పుకున్నాడు. చికెన్, లావుగా తరిగిన క్యాబేజీ, నూడుల్స్, పైన నా సాస్. చప్పగా ఉందని రియాజ్ మొహం ముడిచాడు. అబ్బా చేతిలో ప్లేటు పెట్టి ఎదురుగా నిలబడ్డాను, తినేదాకా కదిలేది లేదన్నట్టు.

ఒక ముద్ద తిన్నాడు. ఆగిపోయాడు.

"ఇది మీ అమ్మీ ప్లేటు గదమ్మా. నీకెవరు చెప్పారు?"

ఎవరూ చెప్పలేదు. అప్పుడు ఆయనే చెప్పుకొచ్చాడు. అమ్మీకి అల్సర్, కారం పడదు. వెనిగర్ వాసన గిట్టదు. ఆమె కోసం చింతపండు, బెల్లం కలిపిన సీసా ఒకటి బండి కింద విడిగా పెట్టుకునేవాడట.

రోజూ పొయ్యి వెలిగించాక మొదటి ప్లేటు ఎవరికీ అమ్మేవాడు కాదు. మూత పెట్టి, స్కూల్ నుంచి వచ్చిన నా చేతికిచ్చి ఇంటికి పంపేవాడు. మూత తియ్యమాకమ్మా, చల్లారిద్ది అనేవాడు. ఆరో క్లాసు నుంచి ఇంటర్ దాకా మోశాను. అమ్మీ చేతికిచ్చేసి పరిగెత్తేదాన్ని, ఒక్కసారి కూడా తియ్యలేదు. అంత బుద్ధిమంతురాలిగా ఎందుకున్నానో!

అబ్బా ప్లేటు ఖాళీ చేశాడు. తవా సంగతి మాత్రం ఎత్తలేదు. నాకు అడిగే ధైర్యం చాల్లేదు.

9 నవంబర్, ఆదివారం

పాత ఇనుము అతను గేటు కొట్టాడు. అబ్బా రెండు అట్లకాడలూ ఆపకుండానే, తవా పొయ్యి మీదుంది, పొమ్మన్నాడు.

మొదటి ప్లేటుకి మూత పెట్టి నా చేతికిచ్చాడు.

"మూత తియ్యమాకమ్మా."

లోపలికి తీసుకెళ్ళాను. ఎవరూ లేరు. అమ్మీ చాప పరుచుకుని కూర్చున్నాను. మూత తీశాను.