తాతయ్య మేకుతో గీసిన గీత

జహ్రాన్,

కాఫీ వడపోసే జల్లెడతో పెట్రోలు వడగట్టావని నిన్న తిట్టాను. నువ్వు అలిగి అన్నం పళ్లెం దగ్గర నుంచి లేచిపోయావు. జల్లెడ సంగతి తర్వాత, ముందు తాతయ్య పికప్ బండి చూడు. సాయంత్రం ఖల్ఫాన్ మామయ్య నడిపి చూడటానికి వస్తున్నాడు.

ఇసుక దిబ్బలెక్కే జోరు కోసం ఇంజన్ హెడ్ అరగదీయించి, స్పార్క్ టైమింగ్ ముందుకు జరిపించావు. ఇంజన్ టింగుటింగుమనేది అందుకే. ఉన్న పెట్రోలు తీసేసి తొంభై ఎనిమిది ఆక్టేన్‌ది పోయించు. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మెడ మీద మట్టి తుడిస్తే మీ తాతయ్య మేకుతో గీసిన గీత కనిపిస్తుంది. బోల్టు వదులు చేసి, ఆ గీతకన్నా వెంట్రుకవాసి వెనక్కి తిప్పి బిగించు. చదును రోడ్డు మీద ఏమీ తెలియదు. వాగు దాటి ఎత్తెక్కుతూ విను. అద్దం దించు, పాటలు ఆపు.

ఆ గీత గీసిన రోజు పానా పట్టుకున్నది నేనే. కాలేజీ సెలవులు. దిబ్బ ఎక్కుతూ నాన్న, "నస్రా, ఇత్తడి రోట్లో ఏలకులు దంచుతున్నట్టు లేదూ? పాపం, బండికి నొప్పిగా ఉందే" అన్నారు. ఇప్పటికీ ఏలకులు దంచుతుంటే ఆయన పక్క సీట్లో కూర్చున్నట్టే ఉంటుంది.

చేప, అన్నం మూతపెట్టి ఉంచాను. పిన్ని ఇంటికి వెళ్తున్నాను.

అమ్మ

అన్నట్టు, నిన్న నువ్వు లేచిపోయాక నీ మాంసం ముక్క నములుతూ మామయ్య, "వాడి చేతిలో అది బతకదక్కా, అమ్మేద్దాం" అన్నాడు. పళ్లెం చుట్టూ అందరూ ఉండగానే చెప్పాను: "రేపు ఎత్తెక్కేటప్పుడు ఏలకుల చప్పుడు రాకపోతే బండి జహ్రాన్‌దే. మళ్లీ అమ్మకం మాటెత్తకు."